మోకాట్లో పందిరి

పోయినవారం మనం ప్రిస్కిల్లాని ముందుగది గుమ్మంలో, చేతిలో ఐసుముక్కల గిన్నెతో నిలబెట్టి ఎవరి పనుల మీద వాళ్ళం వెళ్ళిపోయాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఐసు మాత్రం సగం నీళ్ళయింది.

మంచం మీద ఆవిడ భర్త రాజ్ కుమార్ కళ్ళు మూసుకుని నిద్ర నటిస్తున్నాడు. హైస్కూల్లో పీఈటీ మాస్టారు. ఖోఖో ఆడే పిల్లలకి స్తంభం దగ్గర ఎలా దూకాలో చూపించబోయి, కుడి మోకాట్లో ఎముక చివర గుజ్జుతో సహా ఒక పెచ్చు ఊడగొట్టుకుని, రాజమండ్రిలో ఆపరేషను చేయించుకొచ్చి, ముందుగదిని ఆస్పత్రి వార్డు చేసేసిన మనిషి. మధ్యాహ్నం ప్రిస్కిల్లా మందులకని రామచంద్రపురం వెళ్ళేటప్పుడు బాగానే ఉన్న ఆ మోకాలు, సాయంత్రం తిరిగొచ్చేసరికి బొప్పాయికాయలా ఉబ్బి ఉంది. దాని చుట్టూ ఉండే బ్రేసు పట్టీలు తిరగేసి బిగించి ఉన్నాయి. అయినా ఆవిణ్ణి గుమ్మంలో ఆపేసింది ఆ మోకాలు కాదు, రెండోది. పక్కకి జరిగిన లుంగీ కింద, ఏ రోగమూ లేని ఎడమ మోకాలి మీద, ఎర్రగా, గీతలు గీతలుగా, తుంగచాప అచ్చు.

ఆ ఇంట్లో తుంగచాప ఒక్కటే ఉంది. అది అత్తగారు సంపూర్ణమ్మ గారి ప్రార్థన చాప.

"ఏవండీ," అంది ప్రిస్కిల్లా.

మాస్టారు చిన్న గురక పెట్టాడు. పాతికేళ్ళ కాపురంలో ఆయన గురక ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు. ఇది అది కాదు.

"మీకు నటన రాదు. స్కూలు వార్షికోత్సవంలో శవం వేషం వేసి తుమ్మారు. లేవండి."

ఆయన కళ్ళు తెరిచాడు. "నిద్దట్లో ఇటు తిరిగినట్టున్నా."

"నిద్దట్లో తిరిగి, బ్రేసు విప్పుకుని, తుంగచాప మీద మోకాళ్ళూని, మళ్ళీ బ్రేసు పెట్టేసుకున్నారా? ఎంత పద్ధతైన నిద్రండీ!"

ఆయన గోడకున్న కేలెండరు వైపు తిరిగి, ఎప్పుడూ చూడనట్టు దాన్ని చూడసాగాడు.

ఇంకొకరైతే ఇక్కడ గిన్నె విసిరికొట్టేవారు. ప్రిస్కిల్లాకి గిన్నె విసరడానికి ఓపిక లేదు; విసిరితే నేల తుడవాల్సింది మళ్ళీ తనే. గుడ్డలో ఐసు చుట్టి మోకాలి మీద పెట్టి, ఫోను తీసుకుని అరుగు మీదికి వచ్చి కూలబడింది.

విశ్రాంతి అన్న మాట డాక్టర్లు చాలా తేలిగ్గా అనేస్తారు. ఆపరేషనైన మర్నాడు మాస్టారికి విశ్రాంతి రాసిచ్చారు. ఆ ఇంట్లో ఉన్న విశ్రాంతంతా ఆ పూటే ఆయన పేరుకి బదిలీ అయిపోయింది. ఆయన్ని లేపడం, ఆనించడం, స్నానం చేయించడం, చీలమండ ఆడించడం, వచ్చినవాళ్ళందరికీ టీ పెట్టి కథంతా మొదట్నించీ చెప్పడం. బీయస్సీ చదివినందుకు కథ చెప్పే బాధ్యత ప్రత్యేకంగా ఆవిడదే. ఈమధ్య అన్నం ముద్ద దిగట్లేదు. టీ ఒక్కటే దిగుతోంది. విచిత్రం ఏంటంటే, తినకపోయినా జాకెట్లన్నీ మెడ దగ్గర పట్టేస్తున్నాయి. 'తాగేది టీ, ఒళ్ళు చేసేది మెడ' అని నవ్వుకుని, పై హుక్కు పెట్టుకోవడం మానేసింది.

డాక్టరు సురేష్‌బాబు గారు ఓపికున్న మనిషి. ఆపరేషనుకి ముందు ఆయన "స్కాఫోల్డ్ పెడతామండి" అని, ఈవిడ మొహం చూసి, "అంటే పరంజా" అన్నారు. ప్రిస్కిల్లా కుర్చీలోంచి లేచింది.

"మా చిన్నమావయ్య చర్చి శిఖరానికి రంగులేస్తూ పరంజా మీంచే పడిపోయాడండి. వేరే మాట లేదాండీ?"

ఆయన పెన్ను పక్కన పెట్టారు. "మీ ఇంట్లో పాదులేవైనా ఉన్నాయాండీ?"

"దొండపాదుంది."

"అయితే పందిరి అనుకోండి. విరిగిన చోట ఎముకకి సన్న బెజ్జాలు పెడతాం. మూలుగలోంచి కణాలు పైకొస్తాయి. వాటికి పాకడానికి ఏదో ఒకటి కావాలి కదా? ఈ బిళ్ళ స్పాంజిలా ఉంటుందండి. కింది సగం ఎముకకి సరిపడే సరుకు, పై సగం గుజ్జుకి సరిపడే సరుకు. తీగ అల్లుకున్నాక పందిరి నెమ్మదిగా దానంతటదే కరిగిపోతుంది."

"పందిరి కరిగిపోతే పాదు కూలిపోదాండీ?"

"అప్పటికి పాదే పందిరవుతుంది మేడమ్. కానీ తీగ పట్టు దొరికించుకునేదాకా పందిరిని ఎవరూ కదపకూడదు. కాలు కింద ఆనకూడదు. బ్రేసు ఎంతవరకు వంగనిస్తే అంతే వంచాలి. అదొక్కటే షరతు."

ఆ మాట ఆవిడకి నచ్చింది. నచ్చింది కాబట్టి ఎదురింటి కిరాణా కొట్టు సత్యలక్ష్మి గారికి చెప్పింది. సాయంత్రానికల్లా మాస్టారింట్లో పందిరి వేస్తున్నారని, ముహూర్తం ఎప్పుడోనని వీధిలో వాకబు మొదలైంది. సంపూర్ణమ్మ గారి అనుమానం ఇంకా లోతైనది. "అమ్మాయ్, ఆ స్పాంజి ఎవరిదే?" అని అడిగారు ఆస్పత్రి వరండాలో. ఎవరిదీ కాదు, ఫ్యాక్టరీలో చేస్తారని చెప్తే స్థిమితపడ్డారు. "పోనీలే. ఎవడి మోకాలి ముక్కో తెచ్చి పెడతారనుకున్నా. బాప్తిస్మం అయినవాడో కాదో అని ఒకటే బెంగ."

ఇప్పుడా డాక్టరు గారి ఫోను మోగుతోంది. మూడోసారికి ఎత్తారు. ప్రిస్కిల్లా చెప్పింది.

"మోకాళ్ళ మీద కూర్చున్నారా? పూర్తిగా?"

"కూర్చున్నారో నిలబడ్డారో తెలీదండి. చాప అచ్చయితే పడింది."

"రేపొద్దున్నే తీసుకొచ్చేయండి. ఉత్త నీరు చేరితే తగ్గిపోతుంది. లోపల బిళ్ళ కదిలిందేమో స్కాను చేస్తే గానీ చెప్పలేను." ఆయన గొంతు తగ్గించారు. "కదిలి ఉంటే మళ్ళీ అక్కడే పందిరి వేద్దామంటే ఎముక ఒప్పుకోకపోవచ్చండి. స్టీలు మోకాలి దాకా వెళ్ళాల్సొస్తుంది. నడుస్తారు. పరిగెత్తడం, దూకడం మాత్రం ఉండవు."

పరిగెత్తని పీఈటీ మాస్టారు. విజిలు ఊది కుర్చీలో కూర్చునే పీఈటీ మాస్టారు. అలాంటివాళ్ళని రాజ్ కుమార్ 'అంపైర్ కుర్చీలు' అని వెక్కిరించేవాడు. పొద్దున్న ఆయన గ్రౌండులో పరిగెడుతుంటే వెనకాల పిల్లలు బాతుల బారులా పరిగెత్తడం ఊళ్ళో అందరికీ అలవాటే. ఆయనకి వచ్చిందల్లా అదే, ఆయన కోరుకున్నదీ అదే.

"మేడమ్, వింటున్నారా? మీరు కూడా రండి. ఆటోలో ఎవర్నో తోడిచ్చి పంపేయకండి. మీరే రావాలి."

"ఇంకెవరున్నారండీ పంపడానికి," అని ప్రిస్కిల్లా ఫోను పెట్టేసింది. ఆ మాట డాక్టరు గారు రెండుసార్లు ఎందుకన్నారా అని ఆవిడకి తట్టలేదు. అలసిపోయినవాళ్ళకి చాలా విషయాలు తట్టవు.

తట్టింది ఒకటే. తుంగచాప.

సంపూర్ణమ్మ గారు పెరట్లో దొండపాదు కింద, ముక్కాలిపీట మీద కూర్చుని కాయలు కోస్తున్నారు. చీకటి పడబోయేముందు దొండకాయలు కోయడం ఆవిడకి అలవాటు లేదు. ఒళ్ళో గిన్నెలో కాయలకంటే ఆకులు ఎక్కువున్నాయి.

"అత్తయ్య గారూ, మీ చాపేదండీ?"

"నా గదిలో ఉంది. ఎక్కడుంటుంది?"

"మీరు గోడకి నిలబెడతారు. ఇప్పుడు మంచం కిందికి తోసేసుంది. చూసొచ్చాను."

ముసలావిడ ఒక కాయ తెంపి, అది పండని చూసి కూడా గిన్నెలో వేసుకున్నారు.

సంపూర్ణమ్మ గారికి ప్రార్థనంటే మోకాళ్ళ ప్రార్థనే. కుర్చీలో కూర్చుని చేసేది ఆవిడ లెక్కలో పరామర్శ. డెబ్భై దాటినా, కీళ్ళు టకటకమంటున్నా, తెల్లారగట్ల ఆ చాప మీద మోకరించి, ఊళ్ళో జ్వరం వచ్చినవాళ్ళందర్నీ పేరుపేరునా ప్రభువుకి అప్పగించి గానీ లేవరు. ఒక్క కొడుకు దగ్గరే ఆవిడ పాచిక పారలేదు. రాజ్ కుమార్ గుడికి వస్తాడు, ఆఖరి బెంచీలో కూర్చుంటాడు, అయ్యగారు "మోకరించుదము" అనగానే బయటికెళ్ళి చెప్పులు సర్దుతాడు. తండ్రి పోయినప్పట్నించీ అంతే. గట్టిగా అడిగితే, "బళ్ళో అల్లరి చేసినవాళ్ళని మోకాళ్ళ మీద నిలబెట్టేది నేనమ్మా. నేనేం అల్లరి చేశానని నిలబడాలి?" అనేవాడు. ఈస్టరు ముందరి శ్రమదినాలు మొదలైన కాణ్ణించీ స్త్రీల సమాజం వాళ్ళు వచ్చినప్పుడల్లా, "మంచం పట్టినప్పుడైనా మనసు కరగాలమ్మా" అని సంపూర్ణమ్మ గారు నిట్టూరుస్తూనే ఉన్నారు.

కాబట్టి ప్రిస్కిల్లా లెక్క తేలిగ్గానే తేలింది.

"నేనటు వెళ్ళగానే కొడుకుని చాప మీదికి దింపారన్నమాట." గొంతు పెంచలేదు. పెంచడానికి లేదు. "నాల్రోజులు ఆగితే ఈస్టరండీ. ఆ తర్వాత ఆ బ్రేసు తీసేవారు. అప్పుడు మీ ఇష్టం, గుడి చుట్టూ మోకాళ్ళ మీద తిప్పుకోండి, నేను గొడుగు పడతాను. ఇన్నాళ్ళు ఆయన కాలు నేలకి తగలకుండా నేను మోశానండి. మీ అబ్బాయి ఎంత బరువో మీకు తెలుసు కదా, మీరు కన్నప్పటికంటే పెరిగాడు."

"నేను దింపలేదమ్మాయ్."

"మీరు కాకపోతే చాప నడిచొచ్చిందా?"

"నేను దింపలేదు. ప్రభువు తోడు." సంపూర్ణమ్మ గారు ప్రభువు పేరు మీద ఒట్టు పెట్టగా ప్రిస్కిల్లా ఎన్నడూ వినలేదు. ఒట్టు పెట్టుకోవడం తప్పని పిల్లలకి ఆదివారపు బడిలో నేర్పేదే ఆవిడ. "నేను కాస్త నడుం వాల్చాను. లేచి చూస్తే నా చాప లేదు. ఇదెవరి పనా అని ముందుగదిలోకి వచ్చాను. వాడు..."

ఆవిడ గిన్నెలో ఆకులన్నీ ఏరి కింద పారేయడం మొదలుపెట్టారు.

"కర్రలు ఊతం పెట్టుకుని వచ్చి తీసుకెళ్ళినట్టున్నాడు. మంచం పట్టె పట్టుకుని దిగాడు. నా వైపు వీపు పెట్టి ఉన్నాడు. ఆ నొప్పికి భుజాలు వణుకుతున్నాయమ్మా."

"మరి కేకెయ్యలేదేంటండీ? మీకు కేకెయ్యడం కొత్తా? వీధి చివర కూరలబ్బాయి ఆగుతాడు మీ కేకకి!"

"నోరు తెరిచాను." సంపూర్ణమ్మ గారు తలెత్తారు. ఆ కళ్ళు చూశాక ప్రిస్కిల్లాకి తన తర్వాతి మాట మరుపున పడింది. "వాళ్ళ నాన్న పోయిన కాణ్ణించీ నేను అడిగింది ఒకటే. ఒక్కసారి, నేను పోయేలోపు, నా కొడుకు మోకరించడం నా కళ్ళతో చూపించమని. చూపించాడు. నువ్వు వద్దన్న కాలితో, డాక్టరు వద్దన్న రోజుల్లో చూపించాడు. లేవరా అనాలని తెలుసు నాకు. వెధవనోరు, పెగల్లేదు. గుమ్మం పట్టుకుని ఏడుస్తూ చూశానమ్మా. తల్లిని. ఎంత సిగ్గుమాలినదాన్నో చూడు, సంతోషమేసింది."

పైన పందిరి మీద ఆకులు కదిలాయి. వెదురుబొంగు ఒకటి పోయిన వానలకి పుచ్చి విరిగింది. అయినా పాదు అలాగే నిలబడి ఉంది, తన తీగల మీద తనే ఆనుకుని. ప్రిస్కిల్లా దాన్ని చూస్తూ నిలబడింది. తిట్టడానికి కూడబెట్టుకున్న మాటలన్నీ ఎక్కడో జారిపోయాయి. ఇక ఎవర్ని తిట్టాలి? దేవుణ్ణా? ఆయన ముసలావిడ అడిగినదే ఇచ్చాడు. రోజు చూసుకోలేదంతే.

"తర్వాత నేనే లేపాను," అన్నారు సంపూర్ణమ్మ గారు. "ఆ పట్టీలు నేనే పెట్టాను. నువ్వెలా పెడతావో గుర్తు రాలేదు."

"తిరగేసి పెట్టారు."

"అవునా."

"ఫర్లేదులెండి." ప్రిస్కిల్లా ముక్కాలిపీట పక్కన నేల మీదే కూర్చుంది. కూర్చున్నాక తెలిసింది, లేవడం కష్టమని. "ఇప్పుడెందుకండీ ఆయనకి అంత భక్తి? నిన్నటిదాకా క్రికెట్టు స్కోరు తప్ప ఏదీ అడగని మనిషి. కాలు తొందరగా బాగవ్వాలనా?"

సంపూర్ణమ్మ గారు గిన్నె పక్కన పెట్టారు. కోడలి మొహం వైపు చూసి, అక్కణ్ణించి చూపు కొంచెం కిందికి దించి, గబుక్కున తిప్పేసుకున్నారు.

"కాలు సంగతి వాడు ఎత్తలేదమ్మాయ్."

"మరి?"

"వాడికి ప్రార్థన చేయడం రాదుగా. స్తోత్రం లేదు, ఆమేన్ లేదు. స్కూల్లో హెడ్‌మాస్టర్ని సెలవు అడిగినట్టు అడిగాడు. 'కాలు తీసుకో. దాన్ని నాకుంచు' అన్నాడు. అదే మాట. మళ్ళీ మళ్ళీ."

"దేన్ని?"

ముసలావిడ చెయ్యి చాపి, ఎప్పుడూ లేనిది, కోడలి తల నిమిరారు.

ప్రిస్కిల్లా ముందుగదిలోకి వచ్చేసరికి రాజ్ కుమార్ లేచి దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఐసుగుడ్డ జారి మంచం తడిసింది. ఆవిడ దాన్ని తీసి, అలవాటు కొద్దీ బ్రేసు పట్టీలు విప్పి సరిగ్గా పెట్టడం మొదలుపెట్టింది, కింది నుంచి పైకి. పట్టీ బిగించినప్పుడల్లా ఆయన పళ్ళు బిగపట్టాడు.

"రేపు స్కాను," అంది. "బిళ్ళ కదిలితే స్టీలు మోకాలేనట. తెలిసే చేశారా?"

"తెలిసే."

"ఏం అడిగారో అత్తయ్య గారు చెప్పారు."

రాజ్ కుమార్ కళ్ళు గుమ్మం వైపు వెళ్ళాయి. అక్కడ తల్లి లేదు. "అమ్మకి ఆ కాస్త తప్ప ఏమీ తెలీదు," అన్నాడు నెమ్మదిగా.

"మీకు తెలిసింది ఏంటో అది చెప్పండి. నాకు బాగా నీరసంగా ఉందండీ. పొడుపు కథలు విప్పే ఓపిక లేదు."

"ఎప్పట్నించీ నీరసం?"

"మీరు దూకిన కాణ్ణించీ."

"అంతకు ముందు లేదా?"

ఆవిడ చేతులు ఆగాయి. ఆలోచిస్తే అంతకు ముందూ ఉంది. దీపావళికే ఉంది. ఇల్లు దులిపి దులిపి అనుకుంది.

"పోయినసారి రాజమండ్రి వెళ్ళినప్పుడు," అన్నాడు రాజ్ కుమార్, "డాక్టరు గారి గదిలో నువ్వు మంచినీళ్ళు తాగావు. బాటిలెత్తి. గుర్తుందా?"

"తాగుంటాను. ఎండ."

"నువ్వు తాగుతుంటే ఆయన నా మోకాలు వదిలేసి నిన్ను చూశారు. తర్వాత నువ్వు మందుల కౌంటరుకి వెళ్ళాక నన్నడిగారు. మేడమ్ గారు ఎవరికైనా చూపించుకున్నారా అని. ఇది తన డిపార్టుమెంటు కాదట. చాలావరకు ఏమీ కాకపోవచ్చట. కానీ ఆలస్యం చేయొద్దన్నారు." ఆయన గొంతు గీరుకుపోయింది. గ్రౌండుకి ఆ చివరినించి ఈ చివరికి వినిపించే గొంతు. "నేనే చెప్తాను, నేనే తీసుకెళ్తానన్నాను. ఇంటికొచ్చాక చూస్తే తీసుకెళ్ళడానికి నాకు కాలు లేదు. నువ్వు నన్ను మోస్తూ తిరుగుతున్నావు. రోజూ చెప్దామనుకున్నా. రోజూ నువ్వే టీ తెచ్చావు. నిలబడలేనివాణ్ణి ఇంకేం చేయను చెప్పు? వంగాను."

ఫ్యాను ఒకటే చప్పుడు చేస్తోంది. వంటింట్లో సంపూర్ణమ్మ గారు దొండకాయలు కడుగుతున్న చప్పుడు.

"ఏం చూపించుకోవాలండీ నేను?" అంది ప్రిస్కిల్లా.

రాజ్ కుమార్ చెయ్యి చాపాడు. ఆవిడ మెడలో సిలువ గొలుసుని ఒక వేలితో పక్కకి జరిపి, ఆవిడ వేలు పట్టుకుని, గొంతు కింద, పెట్టడం మానేసిన పై హుక్కుకి కాస్త పైన ఆనించాడు. అక్కడ ఉసిరికాయంత గట్టిగా ఏదో ఉంది. ఇన్నాళ్ళూ జాకెట్టుదే తప్పనుకుంది.

ఆవిడ గుటక వేసింది.

వేలి కింద అదీ పైకి లేచి, మళ్ళీ దిగింది.